పిప్ సిరీస్ ఆఖరి పుస్తకం మీకు మింగుడు పడిందా? (కథ మొత్తం బయటపెడుతున్నాం, చదవనివాళ్లు తెరవొద్దు)

అర్ధరాత్రి_అధ్యాయం
హాలీ జాక్సన్ రాసిన ‘ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్’ సిరీస్‌లో మూడోది, ‘యాజ్ గుడ్ యాజ్ డెడ్’, పూర్తి చేశాను. నిద్ర పట్టడం లేదు, కోపమూ తగ్గడం లేదు. ఇంకా చదవనివాళ్లు ఇక్కడి నుంచి వెళ్లిపోండి. హంతకుడెవరో, చివర్లో ఏమవుతుందో అన్నీ వచ్చేస్తాయి.

మొదటి పుస్తకంలో పిప్ ఏం చేసింది? ఆండీ బెల్ అనే అమ్మాయిని చంపాడని ఊరంతా తేల్చేసిన సాల్ సింగ్ నిర్దోషి అని స్కూల్ ప్రాజెక్టు పేరుతో తవ్వి తీసింది. అతని మీద దొంగ సాక్ష్యం ఎలా పుట్టించారో, ఆ రాత్రి తమతోనే ఉన్నాడన్న మాటను స్నేహితులే ఎలా మార్చేశారో ఒక్కొక్కటే బయటపెట్టింది. ఆ పిల్ల నాకు నచ్చిందే అందుకు. మూడో పుస్తకంలో అదే పిల్ల, తనను ఎత్తుకెళ్లిన ఆండీ తండ్రి జేసన్ బెల్‌ను సుత్తితో కొట్టి చంపి, ఆ హత్యను మాక్స్ హేస్టింగ్స్ మెడకు చుట్టింది. సాల్‌కు ఎవరో చేసిన అన్యాయమే ఈమె ఇంకొకడికి చేసింది. మాక్స్ దుర్మార్గుడే, పార్టీల్లో అమ్మాయిలకు మత్తుమందు కలిపినవాడే, కాదనను. కానీ చేసిన నేరాలకు బయట తిరిగి, చేయని హత్యకు జైలుకు పోయాడు. దీన్ని న్యాయం అనుకుని పుస్తకం మూసేయాలా?

కోఠి_సండే
మూడింట్లో ఇదే బెస్ట్. గొడవకు రెడీగా ఉన్నా.

పేజీ_మడత
నేనూ అర్ధరాత్రి అక్కవైపే. మొదటి సగం చదువుతుంటే వెన్నులో వణుకు పుట్టింది. రెండో సగం చదువుతుంటే ఊపిరాడలేదు, అది మంచి రకం కాదు.

గోదారి_గట్టు
అర్ధరాత్రి గారూ, మీరు సాల్‌తో పోల్చిన చోట ఒప్పుకుంటాను. రచయిత్రి కావాలనే అలా కట్టింది. నయోమీనే చూడండి. మొదటి పుస్తకంలో సాల్ తమతో లేడని అబద్ధం చెప్పిన వాళ్లలో ఆమె ఒకతి. ఆఖరి పుస్తకంలో అదే నయోమీ చెల్లెలు కారాతో కలిసి పిప్‌తో హైవే మీది బర్గర్ షాపుకు వెళ్లి కెమెరాలకు కనబడుతుంది. మొదటిసారి ఒక అమాయకుణ్ని ముంచిన మాట, రెండోసారి హంతకురాలిని కాపాడే మాట. ఇద్దరూ ఏం జరిగిందని అడగరు. అడగొద్దని పిప్ ముందే చెప్పింది.

అంటే మీరు పట్టుకున్నది రచయిత్రికి తెలియక జరిగింది కాదు. మనకు కడుపులో దేవాలనే రాసింది. మీకు దేవింది. నా లెక్కలో పుస్తకం పని చేసినట్టే.

అర్ధరాత్రి_అధ్యాయం
గోదారి_గట్టు గారూ, నయోమీ సంగతి నేను గమనించాను. కడుపులో దేవడం వేరు, చివర్లో రవి (సాల్ తమ్ముడు, పిప్ బాయ్‌ఫ్రెండ్) మెసేజ్ రాగానే మనల్ని సంతోషపడమనడం వేరు. ఆఖరి పేజీ ఏ వైపు మొగ్గిందో చూడండి. తీర్పు వచ్చింది, మాక్స్ లోపలికి పోయాడు, ఇక ఇద్దరూ కలుసుకోవచ్చు. అక్కడే నాకు మండింది.

డల్లాస్_అమ్మ
ఒక నిమిషం. మా పాప పుస్తకంలో ఊరు ఫెయిర్‌వ్యూ, కనెటికట్. మీరెవరూ ఆ పేరు ఎత్తడం లేదు. వేరే సిరీస్ గురించా?

పేజీ_మడత
అదే సిరీస్ అండీ. అమెరికా ఎడిషన్‌లో ఊరు ఫెయిర్‌వ్యూ. అసలు బ్రిటన్ ఎడిషన్‌లో లిటిల్ కిల్టన్, బకింగ్‌హామ్‌షైర్. ఫెయిర్‌వ్యూ, లిటిల్ కిల్టన్ రెండూ కల్పిత ఊళ్లే. మా హైదరాబాద్ షాపుల్లో నాకు కనబడినవన్నీ బ్రిటన్ కాపీలే.

కోఠి_సండే
ఆబిడ్స్ సండే మార్కెట్లో నాకు ఫస్ట్ పార్ట్ అమెరికాది, సెకండ్ బ్రిటన్‌ది దొరికాయి. పిప్ వాళ్లు రాత్రికి రాత్రి సముద్రం దాటి ఇల్లు మారారనుకున్నా 😂

డల్లాస్_అమ్మ
😂 సరే, ఇప్పుడు అసలు విషయం. పాపకు పదమూడు. మొదటి రెండూ చదివేసింది, మూడోది కావాలని ప్రాణం తీస్తోంది. ఇవ్వొచ్చా?

వైజాగ్_వాన
మేడమ్, నేను సైకియాట్రీ పీజీ చేస్తున్నాను, పుస్తకాల పిచ్చి కూడా ఉంది. నా మాట ఏమిటంటే, ఇవ్వండి, కానీ మీరు ముందు చదివి ఇవ్వండి.

మొదటి పుస్తకంలో కూడా డ్రగ్స్, అత్యాచారం, చావులు ఉన్నాయి, కాకపోతే పజిల్ విప్పే ఊపులో పిల్లలు వాటిని దాటుకుని పోతారు. మూడోదాంట్లో దాటిపోవడానికి వీల్లేదు. రెండో పుస్తకం చివర విలేకరి స్టాన్లీ ఫోర్బ్స్‌కు తూటాలు తగిలితే పిప్ అతని ఛాతీ మీద చేతులు అదిమి బతికించాలని చూస్తుంది గుర్తుందా? మూడో పుస్తకం ఆ చేతులతోనే మొదలవుతుంది. ఎన్నిసార్లు కడిగినా రక్తం కనబడుతూనే ఉంటుంది. ఏదైనా గట్టిగా చప్పుడైతే తుపాకీ పేలినట్టే వినబడుతుంది. నిద్ర కోసం అక్రమంగా క్సానాక్స్ (ఆందోళన తగ్గించే మందు) కొంటుంది, ఇంట్లో అందరికీ బాగున్నానని చెబుతుంది. ఈ చివరిదే నాకు అన్నిటికంటే నిజంగా అనిపించింది. ఇంటర్, డిగ్రీ పిల్లలు నా దగ్గరకు వచ్చినప్పుడు అమ్మానాన్నలు అనే మొదటి మాట, “మొన్నటిదాకా బాగానే ఉంది డాక్టర్” అనే.

ఆ మందు సంగతి పాపతో మాట్లాడండి. ఇలాంటి మందులు సొంతంగా మొదలుపెట్టడం ఎంత ప్రమాదమో, రోజూ వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేయడం కూడా అంతే ప్రమాదం. పుస్తకం ఆ మందును గొప్పగా చూపించలేదు, అది మంచి విషయం.

డల్లాస్_అమ్మ
చాలా థ్యాంక్స్ అమ్మా. ఈ వారాంతం నేనే మొదలుపెడతాను.

నల్లకోటు
క్రిమినల్ వైపు ప్రాక్టీస్ చేస్తాను. మా అబ్బాయి బల్ల మీద ఉంటే తీసి చదివాను. రెండు చోట్ల ఆగిపోయాను, చెప్పకపోతే మనసు ఊరుకోదు.

ఒకటి, సుత్తి సంగతి. పిప్‌ను ఎత్తుకెళ్లి, తలకు, మొహానికి డక్ట్ టేప్ చుట్టి గోదాములో పడేసిన మనిషిని ఆ సమయంలో ఆమె ఏం చేసినా ఆత్మరక్షణే. కానీ ఆమె టేప్ ఊడదీసుకుని బయటపడింది. పారిపోయే దారి ఉంది. అయినా వెనక్కి వెళ్లి కొట్టింది. మన చట్టంలో ఆత్మరక్షణ హక్కు, ప్రాణభయం మొదలైనప్పుడు మొదలై ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. ఐపీసీలో అది 102వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)లో 40. ఇక్కడ వాదించాల్సిందంతా ఒకే ప్రశ్న మీద: అతను బతికి ఉన్నంతకాలం ఆమెకు భయం తీరుతుందా? నేను ఆమె తరఫు లాయర్నైతే గట్టిగానే వాదిస్తాను. అప్పటికే పోలీసులకు ఫిర్యాదు చేసింది, వాళ్లు తోసిపుచ్చారు, అది రికార్డులో ఉంది. మొత్తం కేసు పోకపోయినా శిక్ష బాగా తగ్గేది. శవాన్ని, సాక్ష్యాలను మార్చడం మొదలుపెట్టిన క్షణాన ఆ వాదన మొత్తం పోయింది.

రెండు, బిల్లీ కారస్. డీటీ (డక్ట్ టేప్) కిల్లర్‌గా జేసన్ చేసిన నేరాలన్నిటికీ జైల్లో మగ్గుతున్న అబ్బాయి. గంటల తరబడి విచారించి అతని నోటితోనే ఒప్పించారు. పుస్తకంలో ఆ విచారణ మాటలు అచ్చేశారు, చదివి చూడండి. “నాకు గుర్తులేదు” దగ్గర మొదలైన కుర్రాడు నెమ్మదిగా “నేనే చేసుంటాను” దాకా జారతాడు. మన దగ్గర పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. 1872 నాటి పాత సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షన్. ఇంగ్లండులో అలా కాదు. అక్కడ 1984 నాటి చట్టం ప్రకారం, బలవంతం చేయలేదని ప్రాసిక్యూషన్ రుజువు చేస్తే ఆ వాంగ్మూలం సాక్ష్యమే. పుస్తకం మొత్తంలో నాకు భయం వేసిన చోటు అదే, గోదాము కాదు.

కోఠి_సండే
సార్ పోస్టుకు ఫీజెంత 🙏

నల్లకోటు
మీ దగ్గర రెండో పుస్తకం ఉందన్నారు కదా. అది పంపండి, సరిపోతుంది.

గోదారి_గట్టు
నల్లకోటు గారూ, నేను చెప్పాలనుకున్నది మీరు సగం చెప్పేశారు. మిగతా సగం ఇది.

పిప్ ఒక్కసారిగా వెనక్కి వెళ్లి సుత్తి ఎత్తలేదు. మూడు పుస్తకాల పాటు ఆమె వ్యవస్థ దగ్గరకు వెళుతూనే ఉంది. సాల్ కేసును పోలీసులు ఎంత తేలిగ్గా మూసేశారో మొదటి పుస్తకంలో చూసింది. జేమీ రేనాల్డ్స్ కనబడకుండా పోతే పెద్దవాడేగా, వచ్చేస్తాడులే అన్నట్టు వదిలేశారు, రెండో పుస్తకంలో ఆమే వెతకాల్సి వచ్చింది. అదే పుస్తకంలో మాక్స్ మీద అమ్మాయిలు కోర్టులో నిలబడి చెప్పినా నిర్దోషి అని వదిలేశారు. మూడోదాంట్లో వాకిట్లో సుద్దముక్కతో తలల్లేని బొమ్మలు కనబడతాయి. రోజులు గడిచేకొద్దీ అవి గుమ్మం వైపు జరుగుతూ వస్తాయి. చచ్చిన పావురాలు పడి ఉంటాయి. అవన్నీ తీసుకుని పోలీసు అధికారి హాకిన్స్ దగ్గరకు వెళితే నీకు ఒత్తిడి ఎక్కువైందన్నట్టు మాట్లాడి పంపిస్తాడు. ఇన్నిసార్లు తలుపు కొట్టిన మనిషి ఇంకోసారి కూడా కొట్టాలని మనం ఎలా అడుగుతాం?

ఆ సుద్దబొమ్మల దగ్గర ఇంకో సంగతి. నిద్రలేదు, మందులు మింగుతోంది, కాబట్టి అన్నీ ఊహించుకుంటోందేమో అని మనకూ అనిపిస్తుంది కదా. అంటే ఆ కొన్ని పేజీలు మనం కూడా హాకిన్స్ పక్కనే కూర్చున్నాం.

పేజీ_మడత
చివరి వాక్యం 🔥 నేనూ అదే అనుకున్నా, పిప్పే నిద్రలో గీస్తోందేమో అని.

అర్ధరాత్రి_అధ్యాయం
సుత్తి దగ్గర నాకు పేచీ లేదండీ. ఇది స్పష్టంగా చెబుతున్నా. ఆ అధ్యాయంలో నేనున్నా అదే చేసేదాన్నేమో. నా పేచీ అంతా ఆ తర్వాతి గంటల మీద. జేసన్‌ను చంపింది భయం. మాక్స్‌ను ఇరికించింది భయం కాదు, లెక్క. ఎవరి మీద వేస్తే ఊళ్లో నమ్ముతారు, ఎవడు పోయినా బాధ లేదు అని కూర్చుని ఎంచుకుంది. ఇన్నిసార్లు వ్యవస్థ మోసం చేసింది అన్నారు, నిజమే. బిల్లీని చేయని నేరానికి లోపలేసిన వ్యవస్థ అది. దాన్నే వాడుకుని ఇంకొకణ్ని చేయని నేరానికి లోపలేయించింది.

వరంగల్_వాసు
మాక్స్ గురించి ఇంత బాధపడే మనుషులను నేను ఇప్పటిదాకా చూడలే. వాడు పార్టీల్లో అమ్మాయిలకు మత్తుమందు కలిపి ఏం చేశాడో మరిచిపోయిన్రా? ఆండీ చెల్లెలు బెక్కా బతుకు నాశనమైంది వాని వల్లనే. నాట్ అనే పిల్లను వదిలిపెట్టలే. కోర్టు వదిలేసినంక సిగ్గులేకుండా పిప్ మీదే పరువునష్టం అని లాయర్ను పెట్టిండు. ఆఖరికి లోపలికి పోయిండు. నేనైతే చప్పట్లు కొట్టిన.

అర్ధరాత్రి_అధ్యాయం
వాసు అన్నా, నా బాధ మాక్స్ గురించి కాదు. బెక్కా గురించి, నాట్ గురించి. వాళ్లకు అన్యాయం జరిగిందని కోర్టు తీర్పులో ఎక్కడా లేదు. “వీడు మాకు ఇది చేశాడు” అని వాళ్లు చెప్పిన మాట అబద్ధంగానే మిగిలిపోయింది. వాడు జైల్లో ఉన్నది వేరే మగవాడిని చంపినందుకు. ఆ అమ్మాయిలకు దక్కిందేమిటి?

వరంగల్_వాసు
వాడు ఇంకో పార్టీకి పోలేడు. అది దక్కింది.

వైజాగ్_వాన
ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది, అదే కష్టం.

నల్లకోటు
అర్ధరాత్రి గారి చివరి పోస్టుకు నా ఓటు. చేసిన నేరానికి శిక్ష పడటం ఒకటి, మనిషి జైల్లో ఉండటం ఒకటి. బాధితులకు మొదటిది కావాలి. మా కోర్టు వరండాల్లో రోజూ చూస్తాను, శిక్ష ఎన్నేళ్లు అన్నది తర్వాత అడుగుతారు, ముందు “మేం చెప్పింది జడ్జిగారు నమ్మారా?” అని అడుగుతారు.

మార్చురీ_మేడమ్
పేరు చూసి భయపడొద్దు, ఫోరెన్సిక్ మెడిసిన్ చెబుతాను. రెండో సగంలో శవాన్ని కారులో పెట్టి, ఏసీ వేసి, చనిపోయిన సమయం మార్చే ప్లాన్ గురించి ఎవరూ మాట్లాడలేదేమిటి?

రచయిత్రి హోంవర్క్ బాగానే చేసింది. చావు సమయం చెప్పడానికి మేం చూసే మూడూ తెచ్చింది: ఒంటి వేడి తగ్గడం, కండరాలు బిగుసుకోవడం, రక్తం కిందివైపుకు చేరి చర్మం మీద మచ్చలు కట్టడం. చల్లగా ఉంటే ఒంటి వేడి తొందరగా పోతుంది, కానీ బిగుసుకోవడం, మచ్చలు కట్టడం నెమ్మదిస్తాయి, వేడిగా ఉంటే బిగుసుకోవడం తొందరగా వచ్చి తొందరగా పోతుంది. మా విజయవాడ ఎండల్లో ఇది కళ్లారా చూస్తాం. అంతవరకు పాఠమే.

నాకు నమ్మబుద్ధి కానిది వేరే. ఏ డాక్టరూ సరిగ్గా ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు పోయాడని రాయడు. ఇంత నుంచి ఇంత మధ్య అని చాలా వెడల్పుగా రాస్తాం, పైగా మిగతా సాక్ష్యాలతో సరిచూసుకోమంటాం. పిప్ ప్లాన్ మొత్తం ఆ గంటల లెక్క పక్కాగా వస్తుందన్న ధీమా మీద నిలబడింది. నిజంగా అయితే ఆమె అలిబీ (ఆ సమయంలో వేరేచోట ఉన్నానన్న సాక్ష్యం) మొదలవ్వకముందు గంటలు కూడా ఆ లెక్కలో పడేవి, హాకిన్స్ ఆమెను అంత తేలిగ్గా వదిలేవాడు కాదు.

కోఠి_సండే
ఈ చర్చలో డాక్టర్, లాయర్, శవపరీక్ష మేడమ్ అందరూ వచ్చేశారు. పిప్ ఇక్కడే అడిగి ఉంటే సరిపోయేది.

మార్చురీ_మేడమ్
అడిగితే పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లేదాన్ని, చెయ్యి పట్టుకుని. పక్కన కూర్చునేదాన్ని కూడా. నాకు కోపం వచ్చేది అక్కడే. ఆ పిల్ల జీవితంలో అలా చెయ్యి పట్టుకునే పెద్దమనిషి ఒక్కరూ లేరా? అమ్మానాన్న మంచివాళ్లే, ప్రాణంగా చూసుకుంటారు. ఆమె మాత్రం వాళ్లకు చెప్పదు. రవికి ఫోన్ చేస్తుంది. అతనూ కుర్రాడే.

పేజీ_మడత
రవి!!! ఇంతసేపటికి ఒకరు ఎత్తారు. ఎవరి పేరు మీదా లేని ఫోన్‌తో పిప్ కాల్ చేస్తే ఒక్క ప్రశ్న అడగకుండా వచ్చాడు. అన్నయ్యను దొంగ సాక్ష్యంతో పోగొట్టుకున్న అబ్బాయి కదా, దొంగ సాక్ష్యం పుట్టించడానికి సాయం చేస్తుంటే అతని మనసులో ఏముందో పుస్తకం సరిగా చెప్పలేదు. నాకు అదే లోటు. అంతా పిప్ తలలోంచే చూస్తాం. రవి వైపు నుంచి ఒక్క అధ్యాయం ఉండి ఉంటే అర్ధరాత్రి అక్క ప్రశ్నకు జవాబు అక్కడ దొరికేది.

అర్ధరాత్రి_అధ్యాయం
ఇది నాకు తట్టలేదు, చాలా మంచి పాయింట్. సాల్ తమ్ముడి చేత ఈ పని చేయించడం రచయిత్రి చేసిన అతి పెద్ద సాహసం. చేయించి, అతన్ని మాట్లాడనివ్వలేదు.

గోదారి_గట్టు
యుగంధర్ నవలలు చదివి పెరిగినవాణ్ని. వాటిలో డిటెక్టివ్ హంతకుణ్ని పట్టి పోలీసులకు అప్పగిస్తే కథ అయిపోయినట్టే. పోలీసుకు అప్పగించాక న్యాయం జరుగుతుందన్న నమ్మకం మనకు ముందే ఉంది. ఈ సిరీస్ మొదటి పుస్తకం కూడా ఆ నమ్మకంతోనే ముగుస్తుంది, టీచర్ ఇలియట్ వార్డ్ అరెస్ట్ అవుతాడు, సాల్ పేరు మీద మచ్చ పోతుంది. 2019 నుంచి 2021 దాకా మూడు పుస్తకాల్లో ఆ నమ్మకాన్ని ఆమె ఒక్కో ఇటుకే పీకేసింది. అందుకే ఇది సిరీస్‌కు ద్రోహం అనను. ఎటు పోతోందో రెండో పుస్తకం చివరే చెప్పింది, కోర్టు మాక్స్‌ను వదిలేశాక పిప్ వెళ్లి అతని ఇంటి కిటికీ అద్దం పగలగొట్టినప్పుడే.

వైజాగ్_వాన
ఆండీ బెల్ సంగతి కూడా చెప్పుకోవాలి. మొదటి పుస్తకంలో ఆండీ అంటే డ్రగ్స్ అమ్మే, తోటి పిల్లలను ఏడిపించే అమ్మాయి. చదివి అసహ్యించుకున్నాం. మూడోదాంట్లో ఆమె పంపకుండా దాచుకున్న మెయిల్ దొరుకుతుంది. తండ్రే డీటీ కిల్లర్ అని ఆ పిల్లకు తెలుసు. ఎవరికీ చెప్పలేక, ఎలాగైనా డబ్బు కూడబెట్టుకుని చెల్లెల్ని తీసుకుని పారిపోవాలని చూసింది. అది చదివాక మొదటి పుస్తకం మళ్లీ తీశాను. బెల్ ఇంట్లో జేసన్ మాట్లాడే తీరు, కూతుళ్లను మాటలతో చిన్నబుచ్చడం, అన్నీ అప్పుడే అక్కడ ఉన్నాయి. నేను వాటిని మామూలు కోపిష్టి తండ్రి మాటలనుకుని తిప్పేశాను.

వరంగల్_వాసు
ఆ మెయిల్ కాడ నేను ఏడ్చిన. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

డల్లాస్_అమ్మ
ఇంకో చిన్న డౌట్. టీవీ సిరీస్‌లో ఇదంతా వచ్చేసిందా? పాప అది కూడా అడుగుతోంది.

పేజీ_మడత
లేదండీ. 2024లో వచ్చిన ఆరు ఎపిసోడ్లు మొదటి పుస్తకమే. బ్రిటన్‌లో బీబీసీలో, మిగతా చాలా చోట్ల నెట్‌ఫ్లిక్స్‌లో. ఎమ్మా మైయర్స్ పిప్, జైన్ ఇక్బాల్ రవి. ఆ నవంబర్‌లోనే రెండో సీజన్ ప్రకటించారు, అది రెండో పుస్తకం. మూడో పుస్తకం టీవీలో ఎలా తీస్తారో ఊహించుకోలేను.

మార్చురీ_మేడమ్
కారులో ఏసీ సీన్ తీస్తే నన్ను పిలవమనండి, తప్పులు దిద్దుతాను.

రావులపాలెం_రీడర్
మొత్తం చదివాను, ఒక్కటే అడుగుతాను. ‘కిల్ జాయ్’ అని చిన్న పుస్తకం ఉంది కదా, అది ముందు చదవాలా, చివర చదవాలా? మొదటి రెండూ అయిపోయాయి. ఈ చర్చ చదివేశాను కాబట్టి మూడోదాంట్లో నాకు సస్పెన్స్ ఏం మిగల్లేదు, అయినా చదువుతాను.

కోఠి_సండే
అమ్మా, టైటిల్లోనే రాసి ఉంది తెరవొద్దని 😭

వైజాగ్_వాన
కథ ప్రకారం అది మొదటి పుస్తకానికి ముందు జరుగుతుంది. కానర్ ఇంట్లో స్నేహితులంతా 1920ల వేషాలు వేసుకుని హత్య ఆట ఆడతారు. రాగానే పిప్‌కు ఆసక్తి ఉండదు, తర్వాత అందరికంటే సీరియస్ అయిపోతుంది. ఆ రాత్రే ఆండీ కేసును ప్రాజెక్టుగా తీసుకోవాలని నిర్ణయించుకుంటుంది. నన్నడిగితే మూడోది అయ్యాక చదవండి.

గోదారి_గట్టు
నేను ముందు చదవమంటాను. మూడోది అయ్యాక చదివితే ఆ పిల్ల నవ్విన ప్రతిచోటా బాధేస్తుంది.

వైజాగ్_వాన
అందుకే చివర చదవమంటున్నానండీ.

అర్ధరాత్రి_అధ్యాయం
నా దగ్గర ఉంది, ఇంకా తెరవలేదు. ఇవాళ రాత్రికి అదే. రావులపాలెం గారూ, మీరు మూడోది మొదలుపెట్టి సగం దాకా, అంటే గోదాము దాటేదాకా వచ్చాక ఇక్కడ ఒక మాట రాయండి. ఏం జరుగుతుందో ముందే తెలిసి చదివిన మనిషికి మాక్స్ పేరు మొదటిసారి ప్లాన్‌లో వచ్చినప్పుడు ఎలా అనిపిస్తుందో నాకు తెలుసుకోవాలని ఉంది.

రావులపాలెం_రీడర్
సరే అండీ, తప్పకుండా. నల్లకోటు గారి పోస్ట్ దాచుకున్నాను, ఆ పేజీలు వచ్చినప్పుడు పక్కన పెట్టుకుని చదువుతాను.